పల్లంరాజు గారి పేగు కదిలిన వేళ

మా పెదనాన్న పల్లంరాజు గారు ద్రాక్షారామం పక్క పల్లెలో రైతు. ఆయనలో మర్యాద పాలు కాస్త ఎక్కువ. కూలీలనీ, బస్సు కండక్టర్నీ, చందాలకొచ్చే పిల్లల్నీ అందర్నీ ‘మీరు’ అనేవారు. దారికడ్డంగా పడుకున్న గేదెని "కాస్త లేవండి" అనడం నేను చెవులారా విన్నాను. అలాంటి మనిషి ప్రాణం ఒకసారి ఎక్కడ చిక్కుకుందో చెబితే మీకు నవ్వొస్తుంది. మాకు ఆ రోజుల్లో రాలేదు.

రెండువేల మూడులో ఆయన గుండెకి కాకినాడలో ఆపరేషన్ చేసి కొత్త వాల్వు వేశారు. గుండె దారిన పడింది, పేగులు కదలడం మానేశాయి. మత్తుకీ మందులకీ కొందరికి అలా అవుతుందట. గ్యాస్ పోతే పేగు కదిలినట్టు, అప్పటిదాకా నోటికేమీ పెట్టొద్దన్నారు డాక్టరు గారు. నర్సు సుప్రియ పొద్దున్నే వచ్చి, గ్యాస్ పోయిందా అని అడిగింది.

అప్పుడు మంచం పక్క కుర్చీలో ఉన్నది వియ్యంకుడు భీమరాజు గారు. పెదనాన్న తన కూతుర్ని ఇచ్చింది వాళ్ళబ్బాయికే. పిల్లనిచ్చిన చోట ఎంత ఒద్దికగా ఉండాలో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. పెదనాన్న దుప్పటి గడ్డందాకా లాక్కుని "అయిందమ్మా" అన్నారు. నిజానికి ఏమీ కాలేదు.

సిగ్గుపడితే సిద్ధాన్నం దొరకదంటారు. ఈయనకి సిగ్గే తెచ్చిపెట్టింది. మధ్యాహ్నం జావ, సాయంత్రం ఇడ్లీ. మర్నాటికి కడుపు డప్పులా బిగిసి, ఒకటే వాంతులు. ముక్కులోంచి గొట్టం వేసి స్కానింగ్‌కి తీసుకెళ్ళారు. కదిలిన పేగు మళ్ళీ ఆగిందంటే పేగుకి వెళ్ళే నరంలో రక్తం గడ్డ అడ్డుపడిందేమో, కడుపు కోసి చూడాల్సి రావచ్చన్నారు డాక్టరు. వాల్వు కోసం రక్తం పలచబడే మందు వాడుతున్న మనిషికి కోత ప్రమాదమని కూడా చెప్పారు. మేమంతా డాక్టరు గారి చుట్టూ మూగాం.

పెద్దమ్మ శ్యామలాంబ మాత్రం భర్త మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆయన సంగతి ఆవిడకి తెలియనిదేముంది. డాక్టరు ముందే, వియ్యంకుడు అక్కడుండగానే అడిగేసింది.

"ఏమండీ, నిన్న నిజంగా అయిందా, అన్నయ్యగారు ఉన్నారని అలా అన్నారా?"

పెదనాన్న కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపారు.

డాక్టరుకి కోపమూ ఊరటా కలిసొచ్చాయి. స్కానింగ్‌లో గడ్డ కనబడలేదు. మొదట్నుంచీ కదల్లేదంటే ఇంకా నిద్ర లేవని పేగే అయ్యుండాలి. ఒక్క రోజు చూద్దాం, అప్పటికీ కదలకపోతే కోత తప్పదు, ఈలోగా నడిపించండి అన్నారు. ఒకపక్క పెద్దమ్మ, ఇంకోపక్క భీమరాజు గారు పట్టుకుని వరండాలో తిప్పారు. ముగ్గురూ లోపల దేవుళ్ళకి మొక్కుకుంటూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున్న, చూడ్డానికొచ్చిన జనంతో వరండా నిండుగా ఉన్నప్పుడు, అది వచ్చింది. చిన్నగా కాదు. బెంచీల మీద వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. పెద్దమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. పెదనాన్న మొహం కందగడ్డయింది. కుట్లు లాగుతున్నా చేతులు జోడించి, క్షమించమన్నారు వియ్యంకుణ్ణి.

భీమరాజు గారు ఆ చేతులు పట్టుకున్నారు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళే.

"అమ్మాయితో మీరు పంపిన సారె కన్నా నాకు ఇదే ఎక్కువండి బావగారూ. మొహమాటపడకండి, ఇంకోటి కానివ్వండి."