చెప్పులతోనే లోపలికి

ఇవాళ పొద్దున మా క్లినిక్ గచ్చు మీద ఇసుక కరకరలాడింది. సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి ఎవరో చెప్పులతోనే లోపలికొచ్చారన్నమాట. ఊడ్చే అమ్మాయి విసుక్కుంది. నాకు మాత్రం డాక్టర్ పెంచలయ్య గారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఫిజియోథెరపీ చదువు పూర్తికాగానే నేను మొదట పనిచేసింది కావలిలో ఆయన ఎముకల ఆస్పత్రిలోనే. మా వైపు జనం డాక్టరు గదిలోకి వెళ్లేటప్పుడు గుడికి వెళ్లినట్టే చెప్పులు బయట విడుస్తారు. ఆయన మాత్రం అందరినీ చెప్పులతోనే రమ్మనేవారు. చేరిన వారంలోనే నేను శుభ్రత కోసమని 'చెప్పులు బయట విడవండి' అని బోర్డు రాసి తగిలించాను. మధ్యాహ్నానికల్లా అది నా బల్ల మీదికొచ్చింది.

"అక్షరాలు బాగుండాయమ్మా, మాటే బాగలేదు. చెప్పులతో మనిషి నడక చూడకుండా నేనేం వైద్యం చేసేది?" అన్నారు సార్.

నాకు రోషం వచ్చింది. రెండు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. ఆయన గమనించినట్టే లేరు.

పొట్టిగా, గుండ్రంగా ఉండే మనిషి. ఆపరేషన్ చేయడంలో ఆయనకు మంచి పేరు. చేయకుండా ఇంటికి పంపించడంలో ఇంకా పెద్ద పేరు. ఒకసారి గూడూరు నిమ్మకాయల మార్కెట్ నుంచి ఒక వ్యాపారి భుజం నొప్పితో వచ్చాడు. చెయ్యెత్తి తల దువ్వుకోలేడు. ఆపరేషన్ తప్పదని తనకు తానే తేల్చుకుని, స్కాన్ ఫిల్ముతో పాటు బట్టల సంచీ కూడా తెచ్చుకున్నాడు.

"ఇందులో ఏదో చినిగిందని రాసుండాది సార్. కోసేయండి."

"మన వయసులో ఎవరికి తీసినా ఎక్కడో ఒకచోట చినుగు కనపడతానే ఉంటాది. ఆపరేషన్ ఈ ఫిల్ముకు చెయ్యాల్నా, నీకు చెయ్యాల్నా?"

"నాకే సార్."

"నీకయితే అక్కర్లా. చేతిలో బలముంది. నేను ఎత్తినా చెయ్యి లేవడంలా, అంటే భుజం బిగుసుకుపోయింది. ఓపికపడితే వదులవుతాది."

వ్యాపారి కాస్త నిరాశపడినట్టే కనిపించాడు. కిటికీ ఊచ మీదుగా తాడు వేసి, బాగున్న చేత్తో లాగుతూ రెండో చేతిని పైకి లేపడం నేనే నేర్పాను. నెలలు పట్టింది. ఒకరోజు గుమ్మంలోనే నిలబడి రెండు చేతులూ తల మీదికెత్తి దండం పెట్టాడు. సార్ తిరిగి దండం పెట్టి, "బట్టల సంచీ ఏదయ్యా?" అన్నారు.

ఇలాంటివి చూసీ చూసీ, ఆపరేషన్ తప్పించడమే మా గెలుపని నేను అనుకున్నాను. నొప్పి తగ్గిందంటే చాలు, పొంగిపోయేదాన్ని. అక్కడే దెబ్బతిన్నాను. గోవిందు సముద్రం మీద వేటకు పోయే మనిషి. పడవను నీళ్లలోకి నెడుతుంటే నడుం పట్టేసింది; నొప్పి ఎడమ పిక్క దాకా లాగేది. మూడు వారాలు నా దగ్గర వ్యాయామాలు చేశాడు. వచ్చినప్పుడల్లా నేను అడిగింది ఒక్కటే, నొప్పి ఎంత తగ్గిందని. చివరికి ఒకరోజు సంచీలో వంజరం చేప వేసుకుని, వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు.

"పిక్క నొప్పి ఉన్నట్టుండి మాయమైపోయిందమ్మా. రేపు వేటకు పోతా."

గొప్పగా సార్‌కు చూపిద్దామని ఆయన గదికి తీసుకెళ్లాను. గోవిందు అలవాటుగా చెప్పులు విడిచాడు. సార్ లోపల్నుంచి కేకేస్తే మళ్లీ వేసుకుని నడిచాడు. ఎడమ చెప్పు గడప దగ్గరే జారిపోయింది. అతను మాత్రం అలాగే కుర్చీ దాకా వచ్చేశాడు. నేను నవ్వాను. సార్ నవ్వలేదు.

"గోవిందూ, ఆ చెప్పేదయ్యా?"

అతను కిందికి చూసుకుని తెల్లబోయాడు. "ఎప్పుడు పోయిందో తెలీలా సార్. ఇసక మీదా, పడవలోనూ చెప్పులేసుకోం గదా."

మడమల మీద నడవమంటే ఎడమ పాదం ముందుభాగం పైకి లేవలేదు. మూత్రం వచ్చేది సరిగ్గా తెలుస్తోందా అని సార్ అడిగారు. తెలుస్తోందన్నాడు. ఆ నరాల దాకా పోలేదని సార్ కాస్త ఊపిరి పీల్చుకుని నావైపు తిరిగారు.

"నొప్పి పోయి బలం ఉంటే బాగయినట్టమ్మా. నొప్పి పోయి బలం కూడా పోతా ఉంటే నరం దెబ్బతింటున్నట్టు. ఇంక ఆగకూడదు. సంగతి అతనికి నువ్వే చెప్పు."

"నేను నొప్పి ఒక్కటే అడిగాను గోవిందన్నా, కాలి బలం చూడలేదు. పొరపాటు నాది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే పాదం మళ్లీ లేవకపోవచ్చు," అన్నాను. ఊగే పడవలో నిలబడాలంటే పాదానికి పట్టుండాలి. అది పోతే అతనికి వేట పోయినట్టే. గోవిందు వంగి ఆ పాదాన్ని చేత్తో పట్టుకున్నాడు.

"నా కాలు సంగతి నాకే తెలీలా. నీకెట్ట తెలస్తాదమ్మా," అన్నాడు.

ఆ మాటకు ఏడుపు ఆగలేదు. "ఏడుపు తర్వాత, ముందు స్కాన్‌కు రాయి," అన్నారు సార్.

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేశారు. పాదం పూర్తిగా లేవడానికి ఏడాది దాకా పట్టింది. మొదటిసారి బొటనవేలు కదిలిన రోజు ముగ్గురం పిల్లల్లా కేకలు పెట్టాం. గోవిందు మళ్లీ పడవెక్కాడు. సార్ నన్ను ఆ విషయమై ఒక్క మాట కూడా తిట్టలేదు. నా తప్పును నా నోటితోనే చెప్పించారు. ఆ రోజు నేర్చుకున్నంత నేను చదువులోనూ నేర్చుకోలేదు.

ఆయన పోయి రెండేళ్లయింది. మొన్న ఒక ఆటో డ్రైవరు వచ్చి, "నడుం నొప్పి పూర్తిగా పోయింది మేడమ్" అని చేతులు జోడించాడు. మడమల మీద నడిచి చూపించమన్నాను. అందరి ముందూ సిగ్గుపడుతుంటే, పక్కనే నేనూ మడమల మీద నడిచాను. కూర్చున్నవాళ్లంతా పకపకా నవ్వారు. అతని రెండు పాదాలూ చక్కగా పైకి లేచాయి. అప్పుడు నేనూ సంతోషపడ్డాను.