ఎనిమిదో వార్డు మెంబరవ్వ

మెంబరవ్వ పోయిందన్న కబురు నాకు మొన్న సోమవారం పొద్దున జనగామలో, జిరాక్స్ దుకాణం ముందు అందింది. ఫోన్ చేసింది ఆమె కోడలు. "తమ్మీ, అవ్వ పోయింది. నల్లా కాడికి పోయొచ్చి అరుగు మీద కూసున్నది. గంతే." నా చేతిలో కాపీలు ఇంకా వేడిగా ఉన్నాయి. మా ఊరి వార్డులను మళ్లీ పాత తీరుగానే గీయమని కోరే అర్జీ అది. మొదటి సంతకం ఆమెదే.

ఆమె నాకు చుట్టం కాదు. దేవరుప్పులకు ఇవతల ఉన్న మా ఊళ్లో ఎనిమిదో వార్డు నుంచి రెండుసార్లు గెలిచింది. మూడోసారి ఓడిపోయింది. ఓడినా ఊరంతా మెంబరవ్వ అనే పిలిచింది. ఆ ఓటమి నా కాగితం వల్ల జరిగింది. ఆ మాట చెప్పకుండా ఆమెను తలుచుకునే హక్కు నాకు లేదు.

ఆమె వాడను కాగితాల్లో దళితవాడ అని రాస్తారు, నోటితో గడ్డ అంటారు. ఎత్తు మీద ఉంటుంది, అప్పట్లో ఎనిమిదో వార్డంటే అదే. ట్యాంకు నీళ్లు ఊరంతా తిరిగి, చివరకు అక్కడికి చేరాలి. కింద ఎవరైనా మోటరు పెట్టి గుంజితే గడ్డ మీద నల్లాలు గాలి ఊదుతాయి. అందుకే ఆమె రోజూ పొద్దున్నే చివరి ఇంటికి వెళ్లి, నల్లా పైపు మీద చేతికర్రతో రెండుసార్లు తట్టి, వంగి చెవి పెట్టేది. "చర్చి మూల దాటినయి, బిందెలు పెట్టుండ్రి" అనేది. లేదంటే "ఎవడో గుంజుతుండు" అంటూ కర్ర ఊపుకుంటూ కిందికి దిగేది.

ఒకసారి నేనూ ప్రయత్నించాను. ఠంగుమని కొట్టాను.

"గట్టిగ కొడ్తె నీ చప్పుడే నీకు ఇనవడ్తది పోరడా! మెల్లగ తట్టు. తట్టినంక జర నోరు మూస్కో."

నేను నోరు మూసుకునే రకం కాదు. మహబూబాబాద్ స్టేషన్ బయట దొరికే కరపత్రాలు చదివి పెరిగినవాణ్ని. ఒక గ్రామసభలో ఆమె లేచి బడి ప్రహరీ గోడ సంగతి ఎత్తింది. వెంటనే ఇంకో మెంబరు అడ్డం తగిలాడు: "అవ్వా, బడి నీ వార్డుల లేదు గద. నీ గడ్డ ముచ్చట ఉంటె మాట్లాడు."

"మా పిల్లలు గాడ్నే సదువుతరు పటేలా" అంది. నలుగురు నవ్వారు. ఆమె కూర్చుంది. నా ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయి ఉపన్యాసం మొదలుపెట్టాను. వార్డు అంటే మనుషుల చుట్టూ కట్టిన దడి అన్నాను. మెంబర్లందరినీ ఊరంతా కలిసి ఎన్నుకోవాలన్నాను. "అప్పుడు ఎవడైనా నీ కాడికి రావాల్సిందే అవ్వా."

ఆమె బియ్యం చెరుగుతోంది. "వచ్చి?"

"ఓటడుగుతడు."

"అడిగి?"

"నీ బాధ ఇంటడు."

చేట కింద పెట్టింది. "ఊరెంత, మేమెంత బిడ్డా? మా గడ్డ ఓట్లన్ని కలిపినా ఆళ్ల ఒక్క బజారుకు సరిపోవు. మమ్ముల అడగకుంటనే గెలుస్తరు. వార్డు ఉంటె గడ్డ దాటి మాట్లాడనియ్యరు. లేకుంటె గడ్డ ముచ్చట గూడ మాట్లాడనియ్యరు. ఏది కోరుకోవాలె, నువ్వే చెప్పు."

 నా దగ్గర ఉన్నది నినాదం ఒక్కటే.

మీ ఊళ్లోనూ ఎన్నికల ముందు వార్డుల జాబితా పంచాయతీ గోడకు అంటించే ఉంటారు. ఎవరూ ఆగి చదవరు. నేను చదివాను, అభ్యంతరం రాశాను. మెంబర్లను ఊరంతా ఎన్నుకునే వీలు చట్టంలో లేదు కాబట్టి, వాడకో వార్డు ఉంటే కులం పోదని, ఇళ్లను కలిపెయ్యాలని కోరాను. గడ్డ మూడు వార్డుల్లో ఉంటే ముగ్గురు మెంబర్లు గడ్డకు జవాబు చెప్పాల్సి వస్తుందని నా లెక్క. ఆమెను అడగలేదు. జిల్లా పంచాయతీ ఆఫీసు ఒప్పుకుంది. నా కాగితానికి ఒక ఆఫీసు తలూపడం అదే మొదలు. దోస్తులకు చాయ్ తాగించాను. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నారో, కింది బజార్ల వాళ్లు ఒక్క మాటైనా ఎందుకు అనలేదో ఆలోచించలేదు.

గడ్డ ఐదు, ఆరు, ఎనిమిది వార్డుల్లోకి మూడు ముక్కలుగా పోయింది. ఆమె ఇల్లు ఆరులో పడింది. అక్కడి నుంచే పోటీకి దిగిన రోజు గల్లీ నడుమ నిలబడి నన్ను పిలిచింది. "ఎదురిల్లు నా మరిది కొడుకుది. ఆడు నాకు ఓటెయ్యరాదట. గీ బజార్ల గీత ఏడున్నది, జర సూపియ్యి." నేను నేల వైపు చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఓడిపోయింది. ఇప్పుడు నీళ్లు రాకపోతే ఐదో వార్డు మెంబరు పైపు చివర ఆరులో ఉందంటాడు, ఆరో వార్డు మెంబరు వాల్వ్ ఎనిమిదిలో ఉందంటాడు, ఎనిమిదో వార్డు మెంబరు అసలు ఫోనే ఎత్తడు.

ఆమె నన్ను తిట్టలేదు. నా పేరు మాత్రం మార్చింది. "ఏం కాయితం, తిన్నవా?" అని పలకరించేది. తిడితే బాగుండేది.

పోయిన వారం కొత్త అర్జీ పట్టుకుపోతే, "మల్ల కాయితమా!" అని నవ్వింది. రెండుసార్లు చదివించుకుంది. "పాత వార్డొస్తె మల్ల 'నీ గడ్డ ముచ్చటే మాట్లాడు' అంటరు గద?"

"అంటరవ్వా."

"మరి?"

"నీళ్లయితే వస్తయి."

పెన్ను అందుకుంది. "గదొక్కటి రాయి. గెలిచినట్టు మాత్రం రాయకు" అని, కాగితం మోకాలి మీద పెట్టుకుని ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ పేరు రాసింది.

సోమవారం ఆ కబురు విన్నాక కూడా నేను ఆఫీసుకు పోయాను. అప్పటికప్పుడు ఇంకేం చేయాలో తోచలేదు. అక్కడి గుమాస్తా మొదటి సంతకం ఎవరిదని అడిగాడు. పొద్దున్నే చనిపోయిందని చెప్పాను. "అయితే ఆ పేరు కొట్టేసి తే. ఎట్లయినా మల్ల ఎలక్షన్ల దాంక వార్డులు కదలవు" అన్నాడు. పెన్ను కూడా చేతికిచ్చాడు. కొట్టెయ్యలేకపోయాను. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. సాయంత్రం చర్చి వెనక ఆమెను మట్టిలో పెట్టి వచ్చాం.

మర్నాడు పొద్దున్నే గడ్డ మీదికి పోయాను. కోడలు లోపలికెళ్లి ఆమె చేతికర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇద్దరం చివరి ఇంటికి నడిచాం. మెల్లగా రెండుసార్లు తట్టాను. వంగి చెవి పెట్టాను. ఇనుము చల్లగా ఉంది.

"వస్తున్నయా తమ్మీ?" అంది కోడలు, బిందె చంకన పెట్టుకుని.

జేబులో కాగితం గరగరలాడింది. దాన్ని చేత్తో అదిమిపట్టి, ఊపిరి బిగబట్టి, ఇంకా వింటూనే ఉన్నాను.