పిడికిలి బియ్యం ఇంజన్

సైజోవా బండి ఇంజన్ పట్టేసిందని కబురొచ్చినప్పుడు నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. ఆ ముసలి పికప్‌ను బతికించుకుంటూ వస్తున్నది నేనే. వచ్చిన ప్రతిసారీ "ఆయిల్ చూసుకోవయ్యా బాబూ" అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పి పంపేవాణ్ణి. తీరా చూస్తే ఆయిల్ లేకుండా నడిపి చంపాడట! తిట్లన్నీ వరసగా పేర్చుకుంటూ కొండెక్కాను.

నేను రోడ్ల పనికి వచ్చి, ఇక్కడి పిల్లనే చేసుకుని, ఈ మిజో కొండల్లో పాతుకుపోయిన మెకానిక్‌ని. అందుకని కనపడిన ప్రతివాడూ నన్ను అల్లుడంటాడు, లేదా బావంటాడు. నా షెడ్డు కింద పెద్ద ఊళ్ళో ఉంది. సైజోవాది సేర్తుయి, రోడ్డుకి ఆఖరి ఊరు. ఆ ఊరికున్నది ఆ ఒక్క బండే. అల్లం మూటలు సంతకు దిగేది అందులోనే. నొప్పులొచ్చిన ఆడది ఆసుపత్రికి పోయేది, అక్కడ పోయినవాళ్ళు శవాలై ఊరికి తిరిగొచ్చేది కూడా అందులోనే. రోగుల దగ్గరా శవాల దగ్గరా అతను కిరాయి తీసుకోడు. ఏ వేళప్పుడు తలుపు తట్టినా లేచి చొక్కా తొడుక్కుంటాడు. ఆ గుణానికి వీళ్ళ భాషలో ఒక మాట ఉంది, త్లోమ్‌ఙైనా అని. అది ఉన్నవాడు పిలవకముందే వస్తాడు, కుదరదని అనడు. అది లేనివాడనిపించుకోవడం కన్నా లోయలో దూకడం నయం వీళ్ళకి. సైజోవాకి అది దండిగా ఉందని ఊరంతా అంటుంది. నీకెలా ఉందయ్యా అని అతన్ని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

బండి కిందికి దూరి చూశాను. చాంబర్‌కి ఆయిల్ కారిపోకుండా అడుగున బిగించే బోల్టు లేదు. సైజోవా పక్కనే గొంతుక్కూర్చుని వక్క నములుతున్నాడు.

"దారిలో ఊడిపడింది బావా" అన్నాడు.

"ఎవరికి చెబుతావు కథలు? దారిలో ఊడితే ఆయిలంతా వెనక్కి చిమ్మి బండి పొట్ట జిడ్డు కొట్టుకుపోవాలి. పొడిగా ఉంది. మర చెక్కు చెదరలేదు. బండి నిలబెట్టి నీ చేత్తో నువ్వే విప్పావు."

"గట్టిగా అరవకు" అన్నాడు అటూ ఇటూ చూసి.

"అరుస్తాను! చేతులారా ఇంజన్‌ను చంపుకుంటాడా ఎవడైనా? నీకేమైనా పిచ్చా?"

అతను వక్క ఉమ్మేసి, నేలకేసి చూస్తూ చెప్పాడు. "పోయిన వానల్లో దార్చింగి ముసలమ్మ మనవరాలిని ఆసుపత్రికి తీసుకెళ్ళాను కదా. కొండచరియ విరిగిన మలుపు దగ్గర ఆగిపోయాం. వెనక ఆ పిల్ల అరుస్తూనే ఉంది. తర్వాత అరవలేదు. మళ్ళీ బండి తిప్పుకుని ఊరికి తెచ్చింది నేనే. ఒక్కరైనా నన్ను తిట్టలేదు బావా. చెయ్యి పట్టుకుని థాంక్సు చెప్పారు. ఆనాటి నుంచి ఆ మలుపొస్తే బ్రేకు మీంచి కాలు తియ్యలేకపోతున్నా. ఎవరైనా తలుపు తడితే చొక్కా తొడుక్కుంటూనే బండి స్టార్ట్ కాకూడదని మొక్కుకుంటున్నా."

"ఇక తోలనని చెప్పెయ్."

"ఇక్కడ ఇన్నాళ్ళున్నావు, ఆ మాట ఎలా అంటావు? బండి అమ్మేస్తే ఊరిని అమ్మినట్టు. బండే చస్తే నన్నెవరూ ఏమీ అనరు. నా అల్లం నేను తవ్వుకుంటా. శనివారం సాయంత్రం అందరితో కూర్చుని పాటలకి డోలు వాయించుకుంటా. ఇది తుక్కు, ఇక పనికిరాదని నువ్వొక్క మాట చెప్పు."

ఒక మాట ఖర్చేముంది నాకు? చెప్పాను. ఊరి పెద్దలు చావు కబురు విన్నట్టు తలలు వంచుకున్నారు. సైజోవా కూడా వంచుకున్నాడు, కానీ అతని భుజాలు దిగడం నేను చూశాను. తర్వాత ఓ శనివారం నా పెళ్ళాంతో ఆ ఊరు వెళ్తే డోలు ముందు అతనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. మొహానికి రంగొచ్చింది. హమ్మయ్య, ఒకడు బయటపడ్డాడు అనుకున్నాను.

ఏం బయటపడడం! ఊరు ఊరుకుంటేగా?

ఇక్కడ వండబోయే ముందు ప్రతి ఇంట్లోనూ ఓ పిడికెడు బియ్యం చర్చికని తీసి పక్కన పెడతారు. సేర్తుయి ఆడవాళ్ళు సైజోవాకి తెలియకుండా రెండో పిడికెడు తీయడం మొదలుపెట్టారు, ఇంజన్‌కని. ఆ బియ్యం అమ్మి, కుర్రకారు కొట్టిన కట్టెలు అమ్మి, సిల్చార్ తుక్కు బజారు నుంచి పాత ఇంజన్ ఒకటి కొనుక్కొచ్చారు. కింది ఊరి దాకా లారీలో వచ్చింది. పైకి తేవడానికి బండి లేదు కదా! వెదురు బొంగులకి కట్టి, భుజం మార్చుకుంటూ, పల్లకీ మోసినట్టు పాడుకుంటూ మోసుకొచ్చారు. వెనకాలే నేను, బరువులెత్తే నా చైన్ బ్లాకు. సైజోవా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అంత గొప్ప బహుమానం అందుకునే మనిషికి అలాంటి మొహం నేనింతవరకు చూడలేదు. కుడితిలో పడ్డ ఎలుక నయం.

నా దగ్గరికొచ్చి, "సరిపోదని చెప్పు బావా, నీకు దండం పెడతా" అని గొణిగాడు.

కొలిచి చూశాను. నిజంగానే సరిపోలేదు! దేవుడున్నాడనుకున్నాను. "ఇది కూర్చోదు. వేరే మోడల్ బండిది. ఇంజన్‌ను బండికి బిగించే కాళ్ళు కలవవు. వెనక్కి పంపేయండి!" అని అందరికీ వినపడేలా అరిచాను.

"ఎంత తేడా?" అన్నాడు యువజన సంఘం నాయకుడు.

"రెండు వేళ్ళు."

"అంతేనా! నేనింకా ఏమోననుకున్నా" అని నవ్వాడు. ఊరి కమ్మరి అప్పటికే కొలిమిలో బొగ్గులు రాజేస్తున్నాడు. ఎక్కడో పడున్న ఇనప పలక తెచ్చారు. "అల్లుడూ, ఎంత కొయ్యాలో గీత గియ్యి" అన్నారు.

నేను ఇంకో మెలిక పెట్టాను. "కాళ్ళు కుదిరినా గేర్‌బాక్స్‌తో కలుస్తుందని నమ్మకం లేదు. కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఆలోచించుకోండి."

అప్పుడు దార్చింగి ముసలమ్మ ముందుకొచ్చింది. పిడికెడంత మనిషి. "ఇది కాకపోతే ఇంకోటి తెద్దాం. ఇంకో పిడికెడు తీస్తాం. పెద్దవాళ్ళం ఒక పూట మానేస్తే ఏం పోయింది అల్లుడూ?"

నేనిప్పుడు అబద్ధమాడితే ఈ ముసలమ్మ నిజంగానే పస్తుంటుంది. సైజోవా కూడా విన్నాడు. వచ్చి చైన్ బ్లాకు నా చేతికి అందించాడు. తర్వాత "పెట్టెయ్ బావా" అన్నాడు.

మూడు దుంగలు కలిపి పైన కట్టి, చైన్ బ్లాకు వేలాడదీశాం. పాత ఇంజన్ తీసి పక్కన పెట్టాం. కొత్తదాన్ని లేపి, బండిని దాని కిందికి తోసి, మెల్లగా దింపుతూ వచ్చాను. గేర్‌బాక్స్ దగ్గర అడ్డుపడి మొరాయించింది. నేను తిడుతూ ఉండగానే సైజోవా వచ్చి, రెండు చేతులూ ఇంజన్ మీద వేసి, ఒక్కసారి చిన్నగా కుదిపాడు. టక్కున వెళ్ళి కూర్చుంది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. అతను తన చేతులకేసి చూసుకున్నాడు, వాటిని తిట్టలేక.

బోల్టులు బిగించాను. గొట్టాలు కలిపాను. నీళ్ళు పోసి, ఆయిల్ పోసి, డీజిల్ లైన్‌లో గాలి తీశాను. "స్టార్ట్ చెయ్" అన్నాను. మొదట దగ్గింది. తర్వాత తెల్లటి పొగ కక్కి అందుకుంది. ఆ కేరింతలకి కొండ దద్దరిల్లింది. పాస్టరు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు, నల్ల టీలో బెల్లం ముక్కలు పంచారు. ఒక్కొక్కరే వచ్చి కిటికీలోంచి సైజోవా చెయ్యి కలిపి పోతున్నారు. ఆఖర్న ముసలమ్మ వచ్చింది. చెయ్యి కలిపి తీసేసరికి అతని అరచేతిలో ఆ చాంబర్ బోల్టు ఉంది.

నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"నా అల్లం మడిలో దొరికింది నాయనా. నువ్వు బండి పెట్టే చోటు కిందే కదా నా మడి? ఆయిల్ కారి ఓ మూల మొక్కలన్నీ మాడిపోయాయి."

సైజోవా బోల్టు మీద పిడికిలి మూసేశాడు.

"ఆ పిల్ల సంగతి కడుపులో పెట్టుకున్నావు. నాకు తెలియదా? బండే లేకపోతే నా పొయ్యి పక్కన, ఇక చస్తాననుకుంటూ చచ్చేది. నీ బండి ఉండబట్టి ఆ మలుపు దాకా బతుకుతాననుకుంటూ పోయింది. అదేమన్నా తక్కువా?"

అతని కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆనందమనుకుని జనం చప్పట్లు కొట్టారు. ముసలమ్మ వాళ్ళవైపు తిరిగి గొంతు పెంచింది. "ఇకమీదట పొద్దున్నే ఆయిల్ నేను చూస్తాను! మా ఇంటి నెత్తి మీదే కదా బండి ఉండేది. సైజోవా ఒక్కడే ఎన్నని చూసుకుంటాడు పాపం!"

"అబ్బ, ముసలమ్మకి ఎంత త్లోమ్‌ఙైనా!" అన్నారెవరో.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలిసి చావదు. అందులో ఒక్క దుర్మార్గుడున్నా వాణ్ణి నాలుగు తిట్టి దిగిపోయేవాణ్ణి. లేడే!

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లవారి లేచేసరికి బండి వెనక అల్లం మూటలు, వాటి మీద కంబళి కప్పుకుని జ్వరంతో ఒక మనిషి. సైజోవా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. దార్చింగి ముసలమ్మ స్టూలెక్కి, ఆయిల్ గేజి పైకి లాగి, కట్టుకున్న బట్ట చెంగుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకు పట్టి చూసింది.

"నిండుగా ఉంది నాయనా, ఇక పో" అంది.

సైజోవా గేరు వేశాడు.