దీక్ష అనుకుని చాప చుట్టేశాను

ఆ రోజు మధ్యాహ్నం పత్తి చేలో మొగ్గలు తీస్తున్నాను. మాది గట్టు మండలంలో ఒక పల్లె, విత్తనాల కోసం సీడ్ పత్తి వేస్తాం. మధ్యాహ్నం మొగ్గలను గోటితో ఒలిచి ఉంచాలి, మర్నాడు పొద్దున వాటికి మగ పూల పుప్పొడి అద్దాలి. సీజనంతా ఇదే పని. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. వేళ్లు తిమ్మిరెక్కాయి, గాలి అందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. పక్క సాలులో ఉన్న మా అత్త అరుపులకు మా ఇంటాయన పరుగెత్తుకొచ్చి బండి మీద గద్వాలకు తీసుకుపోయాడు.

"ఈసీజీ నార్మల్" అన్నాడు అక్కడి డాక్టర్. "గ్యాస్ కావొచ్చు."

వారం తిరగకముందే మళ్లీ వచ్చింది. ఎకో, థైరాయిడ్, షుగర్, అన్నీ నార్మలే. ఆ మాట వింటే సంతోషించాలి కదా, నాకు ఏడుపొచ్చేది. అంతా నార్మల్ అయితే మరి నాకేమైనట్టు? గాలి సోకిందని అత్త తాయెత్తు కట్టించింది. దానికీ తగ్గలేదు.

నాలుగు నెలలకు స్నానానికి పోయినా తలుపు దగ్గర ఒకరు నిలబడాల్సి వచ్చింది. నాగర్‌కర్నూల్ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతున్న మా బిడ్డ స్వాతి పుస్తకాల సంచితో ఇంటికొచ్చింది. "పది దినాలుండి పోత" అంది. నెల దాటింది. నా వల్ల దాని చదువు ఆగుతోందని తెలుస్తూనే ఉంది. కానీ అది గడప దాటితే నాకు ఊపిరాడేది కాదు. ఆ సిగ్గు రోగం కంటే ఎక్కువ బాధపెట్టింది.

చివరికి స్వాతే వనపర్తిలో మానసిక వైద్యుడి దగ్గరికి బయలుదేరదీసింది. అత్త అడ్డుపడింది. "పిచ్చి డాక్టర్ తానికా? ఊర్ల తెలిస్తె ఇజ్జత్ ఏముంటది?"

"ఇజ్జత్ ఉంటె అమ్మకు నిద్ర వస్తదా నానమ్మా?" అంది స్వాతి.

ఆ డాక్టర్ నేను చెప్పిందంతా విన్నాడు. "దీన్ని పానిక్ డిజార్డర్ అంటరమ్మా. నీ గుండె మంచిగున్నది. చస్తున్న అనిపిస్తది గని చావవు." గోలీలు రాసి, మైండ్‌ఫుల్‌నెస్ థెరపీ కోసం కౌన్సెలర్ మేడం దగ్గరికి పంపాడు. ఎనిమిది వారాలు, వారానికొకసారి. మిగతా రోజులు ఇంట్లో సాధన.

మొదటి రోజు మేడం నా చేతిలో ఒక పల్లీ గింజ పెట్టి, ఎన్నడూ చూడనట్టు చూడమంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పల్లికాయ ఒలిచిన చేతులివి, నాకా పల్లీ చూపించేది అని లోపల నవ్వుకున్నాను. బాడీ స్కాన్ అని, కాలి వేళ్ల నుంచి తల దాకా ఒంటిని మనసుతో గమనించమని పడుకోబెడితే గురక పెట్టానట. మేడం విసుక్కోలేదు. "భయమొస్తె ఎల్లగొట్టకమ్మా. వచ్చింది అనుకో. ఊపిరి ఏడ తగులుతుందో చూసుకుంట కూసో. వచ్చింది పోతది" అనేది. మొదట్లో పోలేదు. ఐదో వారంలో ఒకసారి, నేను చూస్తుండగానే పోయింది.

నా తప్పు అక్కడే మొదలైంది. మా ఊళ్లో మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు. ఇది యాభై ఆరు రోజులు కాబట్టి పెద్ద దీక్షే అనుకున్నాను. తెల్లారుజామున తలస్నానం చేసి, దీపం ముట్టించి, చాప మీద కూర్చునేదాన్ని. మాంసం ముట్టలేదు. యాభై ఆరో రోజు దాటాక అలంపూర్ పోయి అమ్మవారికి టెంకాయ కొట్టాను. ఇంట్లో కోడి కోశాం. చాప చుట్టి అటక మీద పెట్టాను. గోలీలూ ఆపేశాను. స్వాతి హాస్టల్‌కు పోయింది.

ఏడు నెలలు హాయిగా గడిచాయి. ఒకరోజు దాన్ని చూడడానికి ఒక్కదాన్నే బస్సెక్కాను. ఆత్మకూరు చేరేసరికి మళ్లీ అదే దడ, అదే తిమ్మిరి. బస్సు దిగి బస్టాండ్‌లో నేల మీద కూలబడ్డాను. ఫోన్ చేసి "వచ్చెయ్ బిడ్డా" అని ఏడ్చాను. వచ్చింది. నన్ను ఇంటికి చేర్చి, వదల్లేక ఉండిపోయింది. ఆ వారమే దాని పరీక్షలు. అవి రాయలేక దానికి ఒక సంవత్సరం పోయింది. అది నన్ను ఒక్క మాటా అనలేదు, అందుకే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

వనపర్తి డాక్టర్ "ఎవరు ఆపమన్నరమ్మా?" అని అడిగాడు. "దీక్ష అయిపోయింది గద సార్" అన్నాను. ఆయన నవ్వలేదు, గోలీలు మళ్లీ రాసిచ్చాడు. ఇంటికొచ్చాక స్వాతి అటకెక్కి చాప దించింది.

"మొక్కు అనుకున్నవా అమ్మా? మొగ్గలు ఒలిచి, పొద్దున పుప్పొడి అద్దకుంటె కాయ అయితదా?"

"కాదు."

"ఒక్క దినం అద్ది చాలనుకుంటవా?"

దాని చేతిలోని చాప తీసుకుని నడవలో పరిచాను.

ఇది జరిగి ఐదేళ్లయింది. గోలీలు డాక్టరే మెల్లమెల్లగా తగ్గించి ఆపాడు. చాప మీద మాత్రం రోజూ పది నిమిషాలు కూర్చుంటున్నాను. దీపం లేదు, తలస్నానం లేదు, కోడికూర తిన్న నోటితోనైనా సరే. నిజం చెప్పాలంటే విసుగే. ఎన్నాళ్లీ గోల అనిపిస్తుంది. భయం పూర్తిగా పోలేదు. వస్తుంది. కానీ మునుపటిలా నా మెడ మీద కూర్చోదు.

స్వాతి ఒక ఏడాది ఆలస్యంగా పాసై, ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో నర్సుగా చేస్తోంది. మొన్న చేలో నాకు వేళ్లు తిమ్మిరెక్కుతున్న సమయానికే దాని ఫోన్ వచ్చింది. గొంతు విని పసిగట్టింది.

"వచ్చిందా అమ్మా? నన్ను రమ్మంటవా?"

"వచ్చింది. నువ్వొద్దు బిడ్డా, నీ డ్యూటీ చేసుకో. నాకు ఇంక రెండు సాళ్లున్నయి."

ఫోన్ పెట్టి గట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. భయంతో కాదు. తర్వాత ఆ రెండు సాళ్లూ పూర్తి చేశాను.

ఈ రోగంతో పడుతున్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. బాగైందనిపించిన రోజున సాధన ఆపకండి, డాక్టర్‌ను అడగకుండా గోలీలు మానకండి. మా చాప మళ్లీ అటకెక్కలేదు. నడవలోనే పరిచి ఉంటుంది. కాలికి అడ్డం తగిలినప్పుడల్లా మా అత్త తిడుతుంది, తిట్టనీ అని ఊరుకుంటాను.