నేను చేయని ఫోన్

దయ్యాల కబుర్లంటే నాకు చిరాకు. హాస్టల్లో ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ ఈ ఒక్క సంగతి నాకు అంతుబట్టలేదు.

మాది నల్గొండ దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ ఎల్బీనగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. కాలేజీలో సీనియర్ ఒకడు నోట్స్ ఇస్తానని నా నంబర్ తీసుకున్నాడు.

మొదట గుడ్ మార్నింగ్‌లు పెట్టాడు. జవాబివ్వకపోతే, "పచ్చ చున్నీ బాగుంది" అని పంపాడు. ఆరోజు వాడు కాలేజీకే రాలేదు. బ్లాక్ చేస్తే కొత్త నంబర్ నుంచి పంపేవాడు. టిఫిన్ బండి దగ్గర, హాస్టల్ ఎదుట జిరాక్స్ షాపులో, నెలల తరబడి ఎక్కడ చూసినా వాడే.

ముట్టుకోలేదు, తిట్టలేదు. అందుకే ఏమని చెప్పాలో తెలిసేది కాదు. క్లాసులో ఒకమ్మాయికి చెబితే, "నువ్వంటే ఇష్టమేమో, జర నవ్వితే ఏం పోతది?" అంది. ఆ తర్వాత ఇంకెవరికీ చెప్పలేదు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని భయం.

ఒక సాయంత్రం ఎల్బీనగర్‌లో మెట్రో దిగేసరికి మెట్ల దగ్గర వాడు దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఫోన్ ఆఫ్ చేస్తే దొరకవనుకున్నవా?" అన్నాడు నవ్వుతూ.

నిజమే, వాడి మెసేజ్‌లు భరించలేక మధ్యాహ్నమే ఫోన్ ఆపేసి బ్యాగులో పడేశాను. జనం మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు, ఒక్కరూ ఆగలేదు.

అంతలో నా రూమ్మేట్ రూతక్క, మా వార్డెన్ ఆంటీ ఆయాసపడుతూ వచ్చారు.

"ఏందిరా, ఈ పిల్లతోని నీకేం పని?" ఆంటీ అందరికీ వినబడేలా అడిగింది. వాడు ఏదో గొణిగి జారుకున్నాడు.

గదికెళ్లాక ఏడుస్తూ మొత్తం చెప్పాను.

"ఇది ఇష్టం కాదు. వెంటబడి వేధించుడు. కేసైతది," అంది రూతక్క. మెసేజ్‌లు ఒక్కటీ తుడిచేయనివ్వలేదు. మర్నాడు ఇద్దరూ నన్ను కాలేజీలో ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి, అక్కడినుంచి మహిళా పోలీసుల దగ్గరికి తీసుకెళ్లారు. వాడి మీద కేసు పెట్టారు, కాలేజీ వాణ్ని బయటికి పంపింది. ఇంట్లో తెలిసినా మా అమ్మ చదువు మాన్పించలేదు.

అన్నీ సర్దుకున్నాక రూతక్కను అడిగాను, ఆ సాయంత్రం అక్కడికి ఎట్ల వచ్చావని.

ఆమె వింతగా చూసింది. "నువ్వే గద ఫోన్ చేసినవ్. 'అక్కా, వాడు మెట్రో మెట్ల కాడ ఉన్నడు, జల్ది రా' అన్నవ్."

అంతకుముందు వాడి గురించి ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆమె ఫోన్ తీసి చూశాం. ఆ సాయంత్రం నా నంబర్ నుంచి కాల్ ఏదీ రాలేదు. రింగు తనకూ వినబడిందని వార్డెన్ ఆంటీ అంటుంది.

రూతక్క అది దేవుని పని అంటుంది. మరి అన్ని నెలలు ఆ దేవుడు ఎందుకు ఊరుకున్నాడంటే మాట మారుస్తుంది.

ఆ ఫోన్‌లో విన్నది నా గొంతేనని మాత్రం ఆమె ఒట్టేసి చెబుతుంది. నేనెవరితోనూ అనలేకపోయిన మాటలవి.