బాపుకు కప్పిన రగ్గు

ఆ రోజుల్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. పెద్దదేమీ కాదు, ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఎవరెవరి పేర్లో చిరునామాలో ఎక్కించే పని. అయినా మెడలో ఐడీ కార్డు పడేసరికి లోకంలోని పేదరికమంతా నా వైపే ఆశగా చూస్తోందని నాకు గట్టి నమ్మకం కలిగింది. (ఆ కార్డు ఆదివారం చర్చికి కూడా వేసుకెళ్లేదాన్ని. ప్రార్థనలో తల వంచినప్పుడల్లా ముందున్న బెంచీకి తగిలి టక్కుమనేది.) పేదవాళ్లంటే నా దృష్టిలో ఎప్పుడూ పక్క గల్లీలో ఉండేవాళ్లు. మా ఇల్లేమో ఉప్పుగూడ స్టేషనుకు దగ్గర, రైలు పోతే అలమరలో గిన్నెలు కదిలేంత దగ్గర. సగం స్లాబు, సగం రేకులు. మేము పడుకునేది స్లాబు కింద కాబట్టి మేము పేదవాళ్లం కాము. అంతే.

మా పాస్టరయ్య అంతకుముందు బడిపంతులు. అందుకే ఆయన ప్రసంగం కూడా పాఠంలాగే ఉండేది, మధ్యలో "అర్థమైందా?" అని ఆగేవాడు. ఆ డిసెంబరు మొదట్లో ధనం గురించి చెప్పాడు. డబ్బుండడం తప్పు కాదనీ, దాని వెలుగులో పక్కమనిషి కనబడకపోవడమే తప్పనీ, మన దగ్గరున్నది దేవుడు మన చేతిలో ఉంచిన సొమ్మే తప్ప మన సొంతం కాదనీ, ఇచ్చేటప్పుడు చాటింపు లేకుండా ఇవ్వాలనీ అన్నాడు. అందులో 'ఇవ్వాలి' అన్న మాట నాకు చాలా బాగా వినబడింది. చాటింపు సంగతి వచ్చే సమయానికి నేను పక్కనున్న అమ్మాయితో బ్యానరు నీలంగా ఉంటే బాగుంటుందా, ఎర్రగా ఉంటే బాగుంటుందా అని మాట్లాడుతున్నాను.

ప్రార్థన అయ్యాక యువజనులమంతా చేరి, పండుగకు ముందు ఆదివారం రగ్గులు పంచాలని నిర్ణయించాం. ఎవరికి పంచాలన్న ప్రశ్న వచ్చింది. "గదేం కష్టం? చూస్తేనే తెలుస్తది. చిరిగిన బనీను ఏసుకోని ఇంటి ముంగట కూసోని ఉంటరు, గసుంటోళ్లకు ఇద్దాం" అని నేనే కొలత చెప్పాను. పాస్టరయ్య కళ్లజోడు తుడుచుకుంటూ, "చూస్తేనే తెలుస్తదా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. అది ప్రశ్న అనుకోలేదు నేను. మెచ్చుకున్నాడనుకున్నాను.

ఇంత గొప్ప పని తలపెట్టి ఆఫీసులో చెప్పకుండా ఉంటే ఎలా? అక్కడ మా సీనియరు ఒకావిడ ఉండేది, అందరం పెద్ద మేడం అనేవాళ్లం. సైదాబాద్‌లో సొంత ఇల్లు, పెద్ద చర్చి, మనసు కూడా మంచిదే. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఆవిడకు మా రగ్గుల సంగతి చెప్పాను. "ఉప్పుగూడలో మస్తు పేదోళ్లున్నరు మేడం, స్టేషన్ పక్కన గల్లీలల్ల చూస్తే మీకు ఏడుపొస్తది" అన్నాను. నేను కూడా ఆ గల్లీల్లోనే ఉంటానన్న ముక్క ఎందుకో పప్పన్నంతోపాటు లోపలికి పోయింది. ఆవిడ చెయ్యి ఆపేసి, "అయ్యో, అట్లనా?" అంది. కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. నా వర్ణనకు నేనే మురిసిపోయాను.

మా పంపకం ఆదివారం. దానికి ముందు రోజు, శనివారం పొద్దున, మా బాపు (నాన్నను అలాగే పిలిచేదాన్ని) ఇంటి ముందు మెట్టు మీద ఎండకు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. బాపు రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాడు. నేను మొదటి జీతంతో కొన్న స్వెట్టరు ఇంకా ట్రంకుపెట్టెలోనే, కవరులోనే ఉంది. "కొత్తది గదా, ఖరాబైతది" అని చర్చికి తప్ప తీసేవాడు కాదు. ఒంటి మీదున్న బనీను సంగతి చెప్పకపోవడమే మర్యాద. దానికి తల దూర్చే కంత ఏదో, చిరుగు ఏదో బాపుకు అలవాటు కొద్దీ తెలిసేది.

నేను లోపల పప్పుకు పోపు పెడుతున్నాను. బయట ఆటో ట్రాలీ ఆగిన చప్పుడు, ఒకేసారి చాలామంది దిగిన చప్పుడు వినబడ్డాయి. కిటికీలోంచి చూస్తే అందరూ ఒకే రంగు టీషర్టుల్లో పిల్లలు, వాళ్ల వెనక బ్యానరు (ఎర్రది, నిజంగానే బాగుంది), ఆ బ్యానరు పక్కన మా పెద్ద మేడం. నా చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. నా మాటలకు కరిగిపోయి, తన చర్చి పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఆవిడ మా గల్లీకే వచ్చింది. నేను చెప్పిన కొలతకు సరిగ్గా సరిపోయే మనిషి మొదటి ఇంటి ముందే దొరికాడు.

ఒక కుర్రవాడు గబగబా వచ్చి బాపు భుజాల చుట్టూ రగ్గు కప్పాడు. ఇంకొకడు ఫోన్ పైకెత్తి "తాతా, ఇటు చూడుండ్రి" అన్నాడు. బాపు ఒడిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టి, లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు. ఆయన దాన్ని సన్మానం అనుకున్నాడని నాకు వెంటనే అర్థమైంది. రైల్వేలో రిటైరైన రోజు కూడా ఇలాగే శాలువా కప్పారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు: "మీ అందరికి వందనాలు బిడ్డా. నేను పట్టాల మీద పని చేసిన గని, నా డ్యూటీల ఒక్క బండి గూడ పట్టా దిగలే. అంత దేవుని దయ." పిల్లలు మొహమొహాలు చూసుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ కుర్రవాడు, "తాతా, మీ కోసం ప్రార్థన చేస్తం" అన్నాడు. "ఆగు బిడ్డా, పెద్దోణ్ణి, నేను చేస్త" అని బాపు కళ్లు మూసుకున్నాడు.

బాపు ప్రార్థన గురించి తెలిసినవాళ్లు ముందు కూర్చుని తర్వాత కళ్లు మూసుకుంటారు. పాపం, వాళ్లకు తెలియదు. వాళ్ల చదువుల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం, వచ్చిన ఆటో కోసం, ఆటో డ్రైవరు భాయ్ కోసం, మధ్యలో పోయిన రైల్లోని ప్రయాణికుల కోసం కూడా ప్రార్థించాడు. కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్న పిల్లలు, బాపు ఆమెన్ అనగానే తామూ ఎంత బిగ్గరగా ఆమెన్ అన్నారంటే, ఎదురింటి మేక ఉలిక్కిపడింది. నేను మాత్రం తలుపు వెనక నిలబడి, వీళ్లు ఇలాగే వెళ్లిపోతే చాలు ప్రభువా అని నా సొంత ప్రార్థన చేసుకుంటున్నాను. పప్పు మాడింది.

"బిడ్డా, మంది వచ్చిన్రు, చాయ్ పెట్టు!" అని బాపు కేక.

చున్నీ తల మీదుగా లాక్కుని, గ్లాసుల పళ్లెం మొహానికి అడ్డంగా పట్టుకుని బయటికి వచ్చాను. పెద్ద మేడం గ్లాసు అందుకుంటూ నన్ను చూసింది. "అరే! నువ్వు గూడ పంచనీకి వచ్చినవా? రేపు అంటివి గదా?" అంది సంతోషంగా. ఎంత చక్కని మాట! దేవుడే తలుపు తెరిచాడనుకుని నోరు తెరిచాను. నేను ఏదైనా అనేలోపే బాపు రగ్గు సర్దుకుంటూ ఛాతీ విరిచాడు. "నా బిడ్డనేనమ్మా! ఆఫీసుల కంప్యూటర్ పని చేస్తది."

మేడం మొహం నా మొహం కంటే ఎర్రబడింది. "అయ్యో, సారీ అంకుల్, మాకు తెల్వక..." అంటూ ఆ కంగారులో బాపు భుజం మీది రగ్గు కొస పట్టుకుంది. బాపు రెండో కొస గట్టిగా పట్టుకున్నాడు. "ఏందమ్మా, ఇచ్చి గుంజుకుంటరా?" అన్నాడు. ముందు మేడం నవ్వింది, తర్వాత పిల్లలు, తర్వాత బాపు. నవ్వనిది నేనూ, మేకా.

వాళ్లు వెళ్లాక ఇంట్లో లొల్లి చేశాను. "గది వాపసిచ్చెయ్ బాపు! మనమేమన్న అడుక్కునేటోళ్లమా? ఇజ్జత్ పోయింది."

బాపు రగ్గు మడత పెట్టలేదు. కప్పుకునే ఉన్నాడు. "చలి నాకు గూడ పెడ్తది గదా బిడ్డా" అన్నాడు. "ఆ పోరడు ఎంత ప్రేమతోటి కప్పిండు. వాపసిస్తే ఆని మనసేమైతది? ఇచ్చుడు అందరికీ సంబురమే. తీసుకునుడే ఎవ్వరికి రాదు." మళ్లీ చిక్కుడుకాయలు ముందు పెట్టుకుని ఈనెలు తీయసాగాడు. "గని ఒక్కటి. ఫోటో కొట్టిన్రు, రగ్గు కప్పిన్రు, నా పేరైతే అడగలే. రేపు నువ్వు పోతవు గదా, జరంత పేరడుగు. కూసోని అడుగు."

నాకు కోపం తగ్గలేదు, కానీ ఆ మాట రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా వినబడుతూనే ఉంది. మర్నాడు మా బ్యానరు చర్చిలోనే మూలన చుట్టి పెట్టేశాను. మొదటి ఇంట్లో ఒక అవ్వ. కింద కూర్చుని పేరు అడిగాను. ఆవిడ పేరుతోపాటు పుట్టినూరు, పెళ్లి, మొగుడి తాగుడు, కోడలి నడత అన్నీ చెప్పి, పక్కింట్లో పాలు అడిగి తెచ్చి చాయ్ పోసింది. వద్దన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగి తాగాను. ప్రతి ఇంట్లోనూ అదే కథ. సాయంత్రానికి మా కడుపులు చాయ్‌తో నిండాయి గానీ రగ్గుల మూట మాత్రం పెద్దగా తగ్గలేదు. పంపకం పండుగ దాటాక కూడా నడిచింది. "ఇప్పుడు అర్థమైందా?" అన్నాడు పాస్టరయ్య.

సోమవారం ఆఫీసులో మధ్యాహ్నందాకా కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు. పెద్ద మేడం తన డబ్బా తెచ్చి నా పక్కనే విప్పింది. "మీ బాపుకు చెప్పు, నా మోకాళ్ల కోసం గూడ ప్రార్థన చెయ్యమని" అంది. తర్వాత గొంతు తగ్గించి, "కూసోని చేద్దామను" అంది.

బాపు ఇప్పుడు లేడు. పాస్టరయ్యా లేడు. నాకు వయసు మీద పడింది, ఆ సంగతి నాకే ఇంకా నమ్మకం కలగడం లేదు. మొన్న మాదన్నపేటలో కూరగాయలు కొనుక్కుని బస్సెక్కాను. ఒక కాలేజీ పిల్ల చటుక్కున లేచి, "కూసోండి ఆంటీ" అంది. పర్లేదమ్మా, నేను నిలబడగలను అనబోయాను. ఆ పిల్ల మొహంలో ఒక చిన్న వెలుగు కనబడింది, ఇవ్వబోతున్నవాళ్ల మొహంలో ఉండేది. నోరు మూసుకుని కూర్చున్నాను. "నీ పేరేంది బిడ్డా?" అని అడిగితే సిగ్గుపడుతూ చెప్పింది. కిటికీలోంచి చూస్తూ నాలో నేనే నవ్వుకున్నాను, కాస్త ఎదిగానే అని. ఆంటీ అన్నందుకు మాత్రం, నిజం చెప్పొద్దూ, ఇల్లు చేరేదాకా కొంచెం బాధగానే ఉంది.