కాన్పుల వార్డు మూసిన సంగతి

సిస్టర్ల ఆస్పత్రిలో ఆయాగా చేరినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. పాల్వంచ నుంచి భద్రాచలం పోయే బస్సు దిగి, అడవిలోకి పోయే మట్టిరోడ్డు పట్టుకుంటే వస్తుంది అది. మొదట్లో తాటాకు కొట్టమేనట. కేరళ నుంచి వచ్చిన ముగ్గురు సిస్టర్లు నేల మీద చాపలు పరిచి జ్వరాలకు, పాముకాట్లకు మందులిచ్చారని నాకంటే ముందున్నవాళ్లు చెప్పేవాళ్లు. నేను పోయేసరికి పెంకుల వార్డులు లేచాయి. పొద్దున్నే గంట కొడితే సిస్టర్లు ప్రార్థనకు పోయేవాళ్లు, నేను దుప్పట్లు మార్చేదాన్ని. మతం మార్చుకోమని నన్నెవరూ అడగలేదు. అడిగితే ఉండేదాన్ని కాదు.

అడవి పల్లెల ఆడవాళ్లు కాన్పులకు మొదట వచ్చేవాళ్లు కాదు. బిడ్డ వెంట పడే మాయను ఇంటి దగ్గరే పాతిపెట్టాలన్నది వాళ్ల కట్టు. ఆస్పత్రిలో పారేస్తారని భయం. సిస్టర్లలో డాక్టరు చదివిన ఒకామె ఉండేది, డాక్టర్ సిస్టర్ అనేవాళ్లం. ఆమె ఆ సంగతి తెలుసుకుని, మాయను కొత్త కుండలో పెట్టి, మూతకు గుడ్డ కట్టి ఇంటివాళ్ల చేతికిచ్చింది. ఆ కుండ పల్లెకు చేరాక ఎడ్లబండ్లు వరసగా రావడం మొదలైంది.

నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. అప్పటికి నా తల సగం నెరిసింది. ఒకరి మందు సీసా ఇంకొకరికి ఇవ్వబోయి దొరికిపోయిన రోజున పలక తెచ్చి నా ముందు పెట్టింది. బాలింతలకు నేనొక తమాషా.

"ఏందాయమ్మా, గీ వయసుల బళ్లె కూసుంటివి? కలెక్టరమ్మవైతవా ఏంది?"

"అవ్, అయిత. అయినంక ముందుగల్ల నీ నోటికి తాళమేయిస్త."

డాక్టర్ సిస్టర్ ముసలిదై కేరళ వెళ్లిపోయింది. ఆమె తర్వాత వచ్చిన డాక్టర్లెవరూ అడవిలో నిలవలేదు. ఆపరేషన్ చేసేవాళ్లూ, ఎక్కించడానికి రక్తమూ లేని చోట కాన్పులు చేయకూడదని పైవాళ్లు అన్నారు. అది తప్పని నేననను. కాన్పుల వార్డు మూసేశారు. పగటిపూట జ్వరం మాత్రలిచ్చే ఒక నర్సు, నేను మిగిలాం. పల్లెలకు ఈ సంగతి చెప్పే పని పెద్ద సిస్టర్ నాకు అప్పగించింది. "నీ మాటైతే వింటారు" అంది.

అంతకుముందు ఏ కబురైనా సంతకు పోయి పల్లె పెద్దమనుషుల చెవిన వేసేవాళ్లం. అది ఇల్లిల్లూ తిరిగేది. ఈసారి నాకు వేరే బుద్ధి పుట్టింది. రాయడం వచ్చు కదా. రేకు ముక్కలు తెప్పించి ఎర్ర రంగుతో నా చేత్తోనే రాశాను, ఇక్కడ కాన్పులు చేయబడవు, భద్రాచలం సర్కారు ఆస్పత్రికి పోవలెను అని. దారి మలుపుల్లో కొట్టించాను. దూరంగా నిలబడి చదువుకుని మురిసిపోయాను. సంతకు పోలేదు. రాశాక ఇంకేం చెప్పాలి అనుకున్నాను. చదవలేనివాళ్లు ఉంటారన్నది నాకే తట్టలేదు. నలభై ఏళ్లు చదవలేకుండా బతికినదాన్ని.

నాట్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆస్పత్రి ముందు ట్రాక్టర్ ఆగింది. ట్రాలీలో గడ్డి మీద ఒక పిల్ల, తొలి కాన్పు. పక్కన ఆమె అత్త. ఆ అత్త ఇద్దరు కొడుకులూ మా వార్డులోనే పుట్టారు, రెండుసార్లూ నేనే పక్కనున్నాను. నన్ను చూడగానే ఆమె మొహం తేటపడింది.

"వచ్చినం ఆయమ్మా. ఇగ నాకు భయం లేదు. జల్దీ లోపటికి తీస్కపో."

"గీడ కాన్పులు బందైనయే" అన్నాను.

"బందా? ఎవలు చెప్పిండ్రు?"

"మలుపు కాడ రేకు మీద రాసిన గదా."

"గా ఎర్ర రేకా? గాడ్నే ఆగి దీని నోరు తడిపినం. పత్తిమందు బోర్డనుకున్నం."

నర్సు పిల్లను చూసి, నాకు మొహం చూపించకుండా ఫోన్ దగ్గరికి పరుగెత్తింది. పిల్లకు రక్తం పోతూనే ఉంది. బురదలో 108 బండి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ మలుపులో భద్రాచలం వైపు తిరిగి ఉంటే వాళ్లు ఆపాటికి సర్కారు ఆస్పత్రిలో ఉండేవాళ్లు. పిల్ల దారిలోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా.

దేవుడి చిత్తం అంది పెద్ద సిస్టర్. నా మనసు ఒప్పలేదు. ఆ రేకు దేవుడు రాయలేదు, నేను రాశాను.

దినాలయ్యాక వాళ్ల పల్లెకు నడిచి పోయాను. అత్త వాకిట్లో ఇప్పగింజలు కొడుతోంది. కూర్చోమంది, నీళ్లిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. గుమ్మంలో చిన్న కోడలు నిలబడి ఉంది. ఆమెకు ఏడో నెల.

"దీన్నన్న భద్రాచలం తీస్కపోదాం. నేను ఎంట వస్త" అన్నాను.

"వద్దు."

"ఇంట్ల కష్టమైతదే, నా మాటిను."

"నీ మాట ఇనే గదా మీకాడికి వచ్చింది" అంది గింజల మీంచి చూపెత్తకుండా. "ఇయ్యాల మీరు బందన్నరు. రేపు గా భద్రాచలపోళ్లు బందంటే? ఏదైనా ఇంట్లనే కానీ."

ఇంట్లో కాన్పు చేయడం తెలిసిన ముసలమ్మ ఆ పల్లెలో ఒక్కతి కూడా లేదు. ఉన్న ఆఖరామెకు నచ్చజెప్పి ఆ పని మాన్పించింది మేమే. అది అత్తకూ తెలుసు, నాకూ తెలుసు. చిన్న కోడలు నా వైపు చూస్తుంటే అత్త లోపలికి పొమ్మంది. పోయింది.

ఆ తర్వాత రెండుసార్లు పోయాను. రెండోసారి తలుపు వేసి ఉంది. లోపల మనుషులు మాట్లాడుకోవడం వినబడుతూనే ఉంది. నేను పిలిచాక అది కూడా ఆగిపోయింది.